కొండ మీద పప్పు ఎందుకు త్వరగా ఉడకదు? సరిహద్దు జిల్లాల బడిపిల్లల సైన్సు ప్రశ్నలు

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు వైపున్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం, కొరాపుట్ ఊళ్లలోని తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది బడిలో సైన్సును ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుతారు. ఇంటికొచ్చాక అనుమానాలు మాత్రం తెలుగులోనే అడుగుతారు. అలా మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. ఆరు నుంచి పదో తరగతి దాకా ఎవరైనా చదువుకోవచ్చు. పుస్తకంలో ఉదాహరణలు ఎక్కడెక్కడివో ఉంటాయి. ఇక్కడ మాత్రం మన కొండలు, మన గెడ్డలు, మన సముద్రమే ఉదాహరణలు.

కొరాపుట్‌లో మా అత్తయ్య వాళ్లింట్లో పప్పు ఉడకడానికి బరంపురంలో కన్నా ఎక్కువసేపు పడుతుంది. మంట సరిపోవడం లేదా?

మంటలో తేడా లేదు, తేడా అంతా గాలిలో ఉంది. మన నెత్తిమీద ఉన్న గాలికి బరువుంది. ఆ బరువు గిన్నెలో నీళ్ల మీద కూడా పడుతుంది. నీళ్లు మరగడమంటే, లోపల పుట్టిన ఆవిరి బుడగ ఆ ఒత్తిడికి తట్టుకుని నిలబడి పైకి రావడమే. బరంపురం దాదాపు సముద్ర మట్టం ఎత్తులోనే ఉంది కాబట్టి అక్కడ నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ పైన మిగిలిన గాలి తక్కువ, ఒత్తిడి తక్కువ, కాబట్టి 97 డిగ్రీలకే నీళ్లు మరిగిపోతాయి. ఉజ్జాయింపుగా ప్రతి 300 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తుపెట్టుకోండి.

ఇక్కడే పరీక్షల్లో చాలామంది పొరపడతారు. మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా నీళ్ల వేడి పెరగదు. పెంచిన మంటంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. అంటే కొరాపుట్‌లో పప్పుకు దొరికేది 97 డిగ్రీల నీరే, గ్యాసు ఎంత కాల్చినా అంతే. ఆ మూడు డిగ్రీల తేడాకే పప్పు ఆలస్యమవుతుంది. కుక్కర్ చేసే పని ఆవిరిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచి లోపల ఒత్తిడి పెంచడం. అప్పుడు నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. కొండ మీద ఇళ్లలో కుక్కర్ విలువ మైదానంలో కన్నా ఎక్కువ.

కొలిచి చూడాలనుకుంటే ల్యాబులో వాడే థర్మామీటరు తీసుకోండి. జ్వరం చూసేది పెడితే పగిలిపోతుంది. పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

కొండ ఎక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి చలెందుకు?

సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం కొరాపుట్ జిల్లాలోని దేవమాలి. దాని ఎత్తు 1,672 మీటర్లు, అంటే కిలోమీటరున్నర దాటి కాస్త. 15 కోట్లలో ఈ కిలోమీటరున్నర లెక్కలోకి రాదు.

అసలు సంగతి వేరే ఉంది. ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడెక్కించదు. ముందు నేల వేడెక్కుతుంది, నేల నుంచి గాలికి వేడి అందుతుంది. ఆ వేడిగాలి పైకి లేచేకొద్దీ చుట్టూ ఒత్తిడి తగ్గి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించేటప్పుడు చల్లబడుతుంది. అందుకే సగటున ప్రతి 1,000 మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. బరంపురంలో 36 డిగ్రీలున్న రోజున దేవమాలి మీద పాతిక డిగ్రీలుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మరి చలికాలం తెల్లవారుజామున కొండ మీద కన్నా లోయలోనే ఎక్కువ చలి వేస్తుందే?

మంచి పరిశీలన. పొట్టంగి, సిమిలిగుడ వైపు ఉండేవాళ్లకు ఇది బాగా తెలుసు. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, వాలు వెంట జారి లోయలో చేరుతుంది. దానిపైన కొంచెం వెచ్చటి గాలి మూతలా నిలుస్తుంది. అంటే పై ప్రశ్నలో చెప్పిన లెక్క ఆ కొన్ని గంటలు తిరగబడుతుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పొద్దున్నే లోయంతా పొగమంచు నిండిపోయి, ఘాట్ రోడ్డు ఎక్కాక ఎండ కనబడటానికి కారణం ఇదే. ఎండ ముదిరి నేల వేడెక్కితే మంచు విడిపోతుంది.

మా చుట్టూ ఉన్న కొండలు ఏ రాయితో అయ్యాయి? గ్రానైటేనా?

గ్రానైటు లాంటి రాళ్లూ ఉన్నాయి. కానీ ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన రాయి ఖొండలైటు. ఈ కొండల్లో తరతరాలుగా ఉంటున్న ఖొండు ప్రజల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ పేరే వాడుతుంది. ఇతర దేశాల్లో అలాంటి రాయి దొరికినా ఖొండలైటు అనే అంటారు. మన పక్క ఊళ్ల మనుషుల పేరు అంతర్జాతీయ శాస్త్ర పుస్తకాల్లో ఉందన్న సంగతి మన బడుల్లో ప్రతి పిల్లకీ తెలియాలని నాకు గట్టిగా ఉంది.

విరిగిన ఖొండలైటు ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని ఎండలో తిప్పి చూడండి. గోధుమ, ఎరుపు కలిసిన రంగు మీద దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి చుక్కలు కనిపిస్తే అవి గార్నెట్. తెల్లటి సన్న పోగుల్లా ఉండేది సిల్లిమనైటు. గోరుతో గీకితే వేలికి నల్లగా అంటుకునేది గ్రాఫైటు, పెన్సిల్‌లో ఉండేదే.

ఇది రూపాంతర శిల. మొదట్లో ఇది బంకమట్టి. నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకుంది. తర్వాత భూమి కదలికల్లో ఇరుక్కుని పాతిక కిలోమీటర్ల లోతుకు దిగింది. అక్కడ 800, 900 డిగ్రీల వేడిలో, విపరీతమైన ఒత్తిడిలో, పూర్తిగా కరిగిపోకుండానే కొత్త ఖనిజాలుగా మారింది. ఇదంతా సుమారు 100 కోట్ల ఏళ్ల క్రితం మాట. అంత లోతులో తయారైన రాయి ఈ రోజు మన కాళ్ల కింద ఉందంటే, దాని పైనున్న అన్ని కిలోమీటర్ల రాయీ వానకు, గాలికి అరిగి కొట్టుకుపోయిందన్నమాట.

ఇలాంటి రాళ్లే తూర్పు అంటార్కిటికా తీరంలోనూ ఉన్నాయి. ఒకప్పుడు భారతదేశం, అంటార్కిటికా ఒకే భూఖండంలో అతుక్కుని ఉండేవి. ఆ మహాఖండం పేరు గోండ్వానా. అవి సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం విడిపోయాయి. పలకల కదలిక పాఠంలో ఆఫ్రికా, దక్షిణ అమెరికా అంచులు సరిపోతాయని చదివి ఉంటారు. మన తీరానికీ అలాంటి జోడీ ఉంది.

13వ శతాబ్దపు కోణార్క దేవాలయం కట్టింది కూడా ఎక్కువగా ఖొండలైటుతోనే. చెక్కడానికి అనువైన రాయే గానీ సముద్రపు ఉప్పుగాలికి త్వరగా అరుగుతుంది. అక్కడి శిల్పాల ముఖాలు చెదిరిపోవడానికి అదొక కారణం.

మట్టి ఎర్రగా ఎందుకుంటుంది?

ఇనుము తుప్పు పట్టడం వల్ల. రాయిలో ఉన్న ఇనుము గాలి, నీరు తగిలి ఐరన్ ఆక్సైడుగా మారుతుంది. ఆ రంగే అది.

బాక్సైటు ఎప్పుడూ కొండ నెత్తినే ఎందుకు దొరుకుతుంది? లోయలో ఎందుకు లేదు?

బాక్సైటు అంటే అల్యూమినియం తీసే ముడి ఖనిజం. దమన్‌జోడి దగ్గరి పంచపట్‌మాలి చూసినవాళ్లకు తెలుసు, ఆ కొండ పైభాగం బల్లపరుపుగా ఉంటుంది. అలాంటి చోట వాన నీరు గబగబా జారిపోదు. నిదానంగా లోపలికి ఇంకుతుంది. వేడి, భారీ వాన కలిసిన మన వాతావరణంలో ఆ నీరు లక్షల ఏళ్లపాటు ఖొండలైటులోంచి కరిగేవాటిని కరిగించుకుని పోయింది. సోడియం, పొటాషియం, కాల్షియం ముందు పోయాయి. తర్వాత సిలికా కూడా చాలామటుకు పోయింది. నీటికి కరగని అల్యూమినియం, ఇనుము ఉన్నచోటే మిగిలిపోయాయి. అల్యూమినియం ఎక్కువగా మిగిలినది బాక్సైటు, ఇనుము ఎక్కువగా ఉండి ఎర్రటి రాయిగా గట్టిపడినది లాటరైటు. లోయలో, వాలులో అయితే మట్టి కొట్టుకుపోతూనే ఉంటుంది కాబట్టి ఇంత తీరుబడిగా జరగదు.

అక్కడ తవ్విన బాక్సైటును దమన్‌జోడిలో నాల్కో అనే అల్యూమినియం సంస్థ శుద్ధి చేసి అల్యూమినా అనే తెల్లటి పొడిగా మారుస్తుంది. అంగుల్‌లోని కర్మాగారంలో దాన్ని కరెంటుతో విడగొట్టి లోహం తీస్తారు. ఒక టన్ను అల్యూమినియానికి సుమారు నాలుగైదు టన్నుల బాక్సైటు కావాలి. పిల్లలూ, ఇంకో సంగతి కూడా రాసుకోండి. ఆ బాక్సైటు పొర గుల్లగా ఉంటుంది, వాన నీటిని పీల్చుకుని నెమ్మదిగా ఊటలుగా వదులుతుంది. ఎండాకాలంలో కూడా కొన్ని కొండ గెడ్డలు పారుతుండటానికి అలాంటి పొరలు సాయపడతాయి. గని గురించి పెద్దలు వాదించుకునేటప్పుడు నీళ్ల మాట అందుకే వస్తుంది. రెండు సంగతులూ తెలిసి ఉండటం మీకు అవసరం.

గోపాలపూర్ బీచ్‌లో అక్కడక్కడా నల్ల ఇసుక ఉంటుంది. అది మురికా?

కానే కాదు. అది మన కొండ రాయే. ఖొండలైటు లాంటి రాళ్లు అరిగి పొడి అయ్యాక నదులు ఆ పొడిని సముద్రానికి చేరుస్తాయి. అందులో మామూలు ఇసుక, అంటే క్వార్ట్జ్, సాంద్రత సుమారు 2.65 (నీటిది 1). ఇల్మనైటు, గార్నెట్, జిర్కాన్, మోనజైటు లాంటి ఖనిజాల సాంద్రత 4 అటూ ఇటూ, కొన్నింటికి ఇంకా ఎక్కువ. అల ఒడ్డుకు వచ్చేటప్పుడు అన్నిటినీ మోసుకొస్తుంది. వెనక్కి పోయేటప్పుడు ఊపు తక్కువ కాబట్టి తేలికవాటిని లాక్కుపోతుంది, బరువైనవి ఒడ్డునే మిగులుతాయి. అలా అలలే రోజూ జల్లెడ పడుతుంటాయి. గంజాం జిల్లా ఛత్రపురం దగ్గర ఈ ఇసుక నుంచి ఖనిజాలు వేరుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. గోడలకు వేసే తెల్ల రంగులో వాడే టైటానియం డయాక్సైడు వచ్చేది నల్లటి ఇల్మనైటు నుంచే.

బీచ్‌కి వెళ్తే కాగితం మీద పొడి ఇసుక చిటికెడు పోసి, కాగితం కింద అయస్కాంతం జరపండి. కొన్ని నల్ల రేణువులు దాని వెంట పరుగెత్తుతాయి, ముఖ్యంగా మాగ్నటైటు. తెల్లవి కదలవు. మిశ్రమాలను వేరుచేసే పద్ధతులు అన్న పాఠానికి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఉండదు.

గుప్తేశ్వరం గుహలో లింగం పెరుగుతుందంటారు. నిజమా?

కొలాబ్ ఒడ్డున ఉన్న గుప్తేశ్వరం సున్నపురాయి గుహ. సున్నపురాయి గుహల్లో ఇలాంటి ఆకారాలు పెరుగుతాయి, అందులో అనుమానం లేదు. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలచటి కార్బానిక్ ఆమ్లం అవుతుంది. ఆ నీరు సున్నపురాయి పగుళ్లలోంచి దిగుతూ కాల్షియం కార్బొనేటును కరిగించుకుంటుంది. గుహ కప్పు నుంచి బొట్టుగా వేలాడినప్పుడు కార్బన్ డయాక్సైడు గాలిలోకి పోయి, కరిగిన సున్నం మళ్లీ గట్టిపడుతుంది. కప్పు నుంచి వేలాడేది స్టాలక్టైటు, కింద బొట్టు పడిన చోట లేచేది స్టాలగ్మైటు. అరకు దగ్గరి బొర్రా గుహల్లో రెండూ కనిపిస్తాయి. పెరుగుదల మామూలుగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు స్థాయిలోనే ఉంటుంది. కాబట్టి ఏడాదికోసారి యాత్రకు వెళ్లేవాళ్ల కంటికి ఆ తేడా ఆనదు. మొక్కేవాళ్లు మొక్కుతారు, బొట్టు తన పని తాను చేస్తుంది. రెండింటికీ గొడవ లేదు. గుహలో వేలాడేవాటిని మాత్రం చేత్తో తాకకండి. చేతి జిడ్డు అంటితే అక్కడ సున్నం సరిగా పేరుకోదు.

కఠిన జలంతో కాచిన గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర కూడా ఈ రసాయన చర్యతోనే వస్తుంది.

మా కొండ మీద పడ్డ వాన ఎక్కడికి పోతుంది?

ఏ వాలు మీద పడిందో దాన్ని బట్టి ఉంటుంది. కొరాపుట్ వైపు పడమటి వాలు మీద పడితే కొలాబ్‌లోకి పోతుంది. అదే దిగువన శబరి పేరుతో కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మాచ్‌ఖండ్ నీళ్లు కూడా సీలేరుగా మారి శబరి ద్వారా గోదావరికే చేరతాయి. కలహండి కొండల్లో పుట్టిన నాగావళి, వంశధార మాత్రం గోదావరి జోలికి పోవు. నాగావళి రాయగడ మీదుగా, వంశధార గుణుపురం మీదుగా దిగి, శ్రీకాకుళం జిల్లాలో నేరుగా బంగాళాఖాతంలో కలుస్తాయి. ఇలా నీళ్లను రెండు వైపులకు పంచే కొండ గట్టును జల విభాజకం అంటారు. శ్రీకాకుళంలో చినుకు లేకపోయినా వంశధార పొంగుతుందంటే వాన పైన మన దగ్గర పడిందని అర్థం.

డుడుమా జలపాతం నుంచి కరెంటు ఎంత వస్తుంది?

జలపాతం నుంచి నేరుగా కాదు. మాచ్‌ఖండ్ నది నీటినే ఆనకట్టతో ఆపి, గొట్టాల ద్వారా కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ కలిసి పంచుకునే కేంద్రం అది. లెక్క మాత్రం జలపాతంతోనే చేద్దాం, సులువుగా అర్థమవుతుంది. డుడుమా ఎత్తు సుమారు 175 మీటర్లు. లీటరు నీటి ద్రవ్యరాశి ఒక కిలో. స్థితిశక్తి = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు, అంటే 1 × 9.8 × 175 = 1,715 జౌళ్లు. నష్టం ఏమీ లేకపోతే ఆ లీటరు నీరు 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బును మూడు నిమిషాలకు కాస్త తక్కువసేపు వెలిగిస్తుంది. టర్బైను లేని చోట ఆ శక్తి ఏమైందంటే, కింద చప్పుడుగా, కాస్త వేడిగా మారిపోయింది. మొత్తం వేడిగా మారినా నీరు వేడెక్కేది 0.4 డిగ్రీలే.

తుఫానులు అక్టోబరులోనే ఎందుకు వస్తాయి?

మన వైపు పెద్దవాళ్లకు గుర్తుండే తేదీలు చూడండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. అక్టోబరులోనే రావాలన్న నియమం లేదు, నవంబరులోనూ, మే నెలలోనూ వస్తాయి. కానీ కారణం ఉంది. తుఫాను బలపడాలంటే సముద్రపు పైనీరు 26, 27 డిగ్రీలకు పైన వేడిగా ఉండాలి. కింది గాలికీ పై గాలికీ వేగంలో, దిశలో మరీ తేడా ఉండకూడదు. నైరుతి రుతుపవనాల నడిమధ్యలో నీరు వేడిగానే ఉంటుంది గానీ గాలుల మధ్య ఆ తేడా ఎక్కువ, తుఫాను నిలదొక్కుకోలేదు. రుతుపవనాలు వెనక్కి మళ్లే అక్టోబరులో తేడా తగ్గుతుంది, సముద్రం ఇంకా వేడిగానే ఉంటుంది.

అంత బలం ఎక్కడిదంటే, ఆవిరిది. కిలో నీటి ఆవిరి మళ్లీ నీటి బొట్లుగా మారితే 22 లక్షల జౌళ్లకు పైగా వేడి వదులుతుంది. డుడుమాలో ఆ కిలో నీరే కిందపడితే వచ్చింది 1,715 అని ఇందాకే లెక్కేశాం. పక్కపక్కన పెట్టి చూడండి, గుప్తోష్ణం అన్న మాట ఇక మరిచిపోరు.

భూమి తిరగడం వల్ల మన ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతాయి. తీరం వైపు వస్తున్న తుఫానుకు కుడి పక్క గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఎడమ పక్క గాలి వెనక్కి నెడుతుంది. అందుకే తీరం దాటిన చోటుకు ఉత్తరాన ఉన్న ఊళ్లకు ఉప్పెన భయం ఎక్కువ. తుఫాను నడిమధ్యలో ఉండే ప్రశాంతమైన భాగాన్ని కన్ను అంటారు, అది మన మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. తుఫాను అయిపోయిందని బయటికి వెళ్లకండి, కాసేపటికి ఎదురు వైపు నుంచి అంతే జోరుగా కొడుతుంది. కొండ ఊళ్లవాళ్లు తీరం దూరం కదా అని ధీమాగా ఉండటానికి లేదు. తిత్లీ వానలకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. తేమగాలి కొండకు తగిలి పైకి లేస్తే చల్లబడి వాన ఇంకా ఎక్కువ కురుస్తుంది.

మెరుపు కనిపించాక ఉరుము ఆలస్యంగా వినిపిస్తుంది. ఎందుకు?

రెండూ ఒకేసారి పుడతాయి. వెలుగు కన్ను మూసి తెరిచేలోపే వచ్చేస్తుంది, శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది. మెరిసినప్పటి నుంచి ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే అది ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. లెక్క 30 లోపే ఉరుము వినిపిస్తే పొలంలో, చెరువు గట్టున, జీడిచెట్టు కింద ఎక్కడున్నా సరే పక్కా ఇంట్లోకి వెళ్లిపోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు.

సంతలో తక్కెడ కొలిచేది బరువునా, ద్రవ్యరాశినా?

రెండు పళ్లాల తక్కెడ ద్రవ్యరాశిని పోలుస్తుంది. చంద్రుడి మీదికి తీసుకెళ్లినా కిలో కిలోగానే చూపిస్తుంది, ఎందుకంటే రాయి బరువూ ఉల్లిపాయల బరువూ సమానంగా తగ్గుతాయి. కొక్కేనికి వేలాడదీసే స్ప్రింగు త్రాసు బరువును కొలుస్తుంది. అది చంద్రుడి మీద ఆరో వంతే చూపిస్తుంది.

నీడ మాయమయ్యే రోజు మన దగ్గర ఉంటుందా?

ఉంటుంది, అదీ ఏడాదికి రెండుసార్లు. మనం కర్కాటక రేఖకు దక్షిణాన, 18, 19 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం కాబట్టి సూర్యుడు మే మధ్యలో ఉత్తరానికి పోతూ ఒకసారి, జులై చివర్లో తిరిగి వస్తూ ఒకసారి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కర్కాటక రేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీ పిల్లలు దీన్ని ఎప్పటికీ చూడలేరు. మేడ మీద ఒక కర్రను నిటారుగా పాతి, దారానికి రాయి కట్టి వేలాడదీసి నిటారుదనం సరిచూసుకోండి.

గడియారంలో పన్నెండు కొట్టేదాకా ఆగితే మాత్రం బరంపురంలో ఆ క్షణం తప్పిపోతుంది. మన దేశ కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం జయపురానికి దగ్గరగా పోతుంది. బరంపురం దానికి తూర్పున రెండు డిగ్రీలకు పైగా దూరంలో ఉంది, ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా. పైగా భూమి కక్ష్య పూర్తి వృత్తం కాదు, అక్షం కూడా వాలి ఉంది. వీటివల్ల ఇంకో కొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. మే మధ్యలో బరంపురంలో 11 గంటల 47 నిమిషాలకు, జయపురంలో 11 గంటల 56 నిమిషాలకు అటూ ఇటూగా చూడండి. జులైలో అయితే ఇంకో పది నిమిషాలు ఆలస్యంగా, మబ్బు లేకపోతే.